కమలాకర్ ఆటోకు రంగులేసిన లెక్క

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి, కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కి కూర్చున్న సందులోకి తిరిగితే సాయిలు చాయ్ బండి కనిపిస్తుంది. ఆ సాయంత్రం వాన పట్టుకుంది. నీలం టార్పాలిన్ పట్టా కింద ఇరుక్కున్నవాళ్లం ఎవరమూ కదల్లేని పరిస్థితి. భానుచందర్‌కు కావలసిందీ అదే. మామూలు రోజుల్లో ఆయన నోరు తెరిస్తే జనం ఫోన్ వచ్చిందనో, క్లాసు టైమైందనో జారుకుంటారు. వానలో ఎక్కడికి జారుకుంటారు?

ఆయన గురించి రెండు ముక్కలు చెప్పాలి. నలభై దాటినవాడు. ఇదే సందులో డేటా సైన్స్ కోర్సులో చేరాడు, సగం క్లాసులు విన్నాడు, మిగతా సగం తానే చెప్పగలనన్న నమ్మకంతో బయటికొచ్చేశాడు. అప్పట్నుంచీ "చాయిస్ కన్సల్టెంట్" అని కార్డు పంచుతున్నాడు. మనిషి ముందు నాలుగు వస్తువులు పెడితే ఏది ఎంచుకుంటాడో, ఎంత ఛాన్సుతో ఎంచుకుంటాడో లెక్కగట్టి చెబుతాడట. ఆ కార్డులు కొట్టింది సనత్‌నగర్‌లో ఆయన బామ్మర్ది ఫ్లెక్సీ దుకాణం. ఆయన సలహా విన్నవాళ్లకు చివరికి కావలసి వచ్చేవి కూడా ఎందుకోగానీ ఎప్పుడూ ఫ్లెక్సీలే.

నేను ప్రమోద్‌ని. మాది తెనాలి. ఆ పక్క బిల్డింగులో జావా చెబుతాను. ఆరోజు నాకు క్లాసు లేదు, గొడుగూ లేదు.

ఆ రోజు ఆయనకు దొరికినవాడు ఎల్లేశం. సిరిసిల్ల మనిషి, ఆడవాళ్ల జాకెట్లు కుట్టడంలో మంచి చెయ్యి. సందు చివర "అనిత లేడీస్ టైలర్స్", భార్య పేరే పెట్టుకున్నాడు. ఎదురుగా అద్దాల తలుపులతో ఒక బొటిక్ తెరిచారు, తెరిచిన కొన్నాళ్లకే ఎల్లేశం బేరం సగమైంది. భానుచందర్ ఇచ్చిన సలహా ఏమిటంటే, ఉన్న ఒక్క దుకాణాన్నీ ప్లైవుడ్‌తో మూడు ముక్కలు చెయ్యాలి, మూడు పేర్లు పెట్టాలి, మూడు రంగుల బోర్డులు కట్టాలి. మర్నాడు పొద్దున్నే ప్లైవుడ్ దిగుతోంది. అనిత పొద్దుట్నుంచీ మొగుడితో మాట్లాడటం లేదు. పాపం ఎల్లేశం ధైర్యం కోసం వచ్చి కూర్చున్నాడు.

"అన్నా, నిజంగ పని జేస్తదా గీ మూడు బోర్డుల లెక్క?" అని అడిగాడు.

భానుచందర్ గ్లాసు కింద పెట్టాడు. గ్లాసు కింద పెట్టాడంటే కథ లేస్తుందని అర్థం.

"పని జేస్తదా? ఎల్లేశం, గా మాట నన్నడిగినవ్ గాబట్టి సరిపోయింది, బయట ఎవలన్న ఇంటే నవ్వుతరు. కమలాకర్ ఆటో ముచ్చట నీకెరుక లేదా? పెద్ద సంగతేం గాదు, చిన్నదే. నేను గొప్పలు జెప్పుకునేటోన్ని గాదు, కావాల్నంటే సాయిలును అడుగు."

సాయిలు పాలగిన్నె వైపు తిరిగిపోయాడు.

"కమలాకర్ మా సనత్‌నగర్ దోస్తు. షేరాటో నడుపుతడు, అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు. మెట్రో రాకముందు రాజా లెక్క బతికిండు. మెట్రో వచ్చినంక సగం జనం మెట్లెక్కి పైకి పోయిన్రు. ఒకరోజు నా కాడికొచ్చి ఏడ్సుడే ఏడ్సుడు. నేనన్న, కమలాకర్, జర ఆగు, మనిషి ఎట్ల ఎంచుకుంటడో దానికి లెక్కున్నది, ఏడుపుకు లెక్క లేదు. అని ఆటో అద్దం మీది దుమ్ములనే ఏలుతోని రాసిన. మెట్రోకు మార్కులెయ్యి అన్న. కిరాయికి ఇన్ని, టైముకు ఇన్ని, చల్లటి గాలికి ఇన్ని, నిలబడి పోవాల్నా కూసోని పోవాల్నా దానికి ఇన్ని. మల్ల ఆటోకు సుత ఎయ్యి. కిరాయి తక్కువ, మెట్లెక్కే పని లేదు, యాడ ఆపమంటే ఆడ ఆపుతడు, గాలికి మాత్రం పొగ ఫ్రీ. అన్నీ కూడితే రెంటికీ పది పది మార్కులొచ్చినయి. ఇగ ఫలానా మనిషి ఫలానాదే ఎక్కుతడని గ్యారంటీ ఇయ్యలేం, మనిషి కదా, ఇయ్యాల గిట్లుంటడు రేపు గట్లుంటడు. ఎంత ఛాన్సో మాత్రం చెప్పొచ్చు. దాని మార్కులు పైన, అన్నిటి మార్కులు కలిపి కింద, భాగించు. పది బై ఇరవై. సగం! వాడు సగం జనం పోయిన్రని ఏడ్సిండా? లెక్క సుత సగమే అన్నది. గంత బరాబర్ లెక్క."

"అంటే ఆయన చెప్పిందే మళ్లీ ఆయనకు చెప్పారన్నమాట," అన్నాను.

"ప్రమోద్ భాయ్, డాక్టర్ సుత గదే చేస్తడు. నొప్పి యాడ అని నిన్నే అడుగుతడు, ఆడ నొప్పి ఉన్నదని నీకే చెప్తడు. అడిగే తీరుల ఉంటది విద్య." ఆయన ఎల్లేశం వైపు జరిగాడు. "అసలు కథ ఇప్పుడు షురువైతది. కమలాకర్‌కు రెండాటోలు. రెండూ పసుపే. జనానికి రెండూ ఒక్కటే, ఏది ముందొస్తే గది ఎక్కుతరు. నేనేమన్న? ఒకదానికి నీలం రంగెయ్యి అన్న. వాడు నా మొకం జూసిండు, నీలం రంగెందుకన్నా అన్నడు, ఎయ్యి బిడ్డా అన్న, ఏసిండు. ఇగ చెప్పు ఎల్లేశం, ఇప్పుడు జనం ముంగట ఎన్నున్నయి? మెట్రో ఒకటి, పసుపాటో ఒకటి, నీలమాటో ఒకటి. మూడు. మూడింటికి పదేసి మార్కులు. భాగించు. మెట్రోకు మూడో వంతు. ఆటోలకు? మూడింట్ల రెండొంతులు! సగమున్నోడు ఒక్క డబ్బ రంగుతోని రెండొంతులకు ఎక్కిండు. ఆటో కొత్తది గొన్నడా? లేదు. కిరాయి తగ్గించిండా? లేదు. హారన్ సుత బాగు చేపియ్యలే."

"నిజంగనే పెరిగిన్రా జనం?" ఎల్లేశం కళ్లలో వెలుగు వచ్చింది. తన దుకాణం మూడు రంగుల్లో కనపడుతున్నట్టుంది.

"పెరుగుడా? తెల్లారి పొద్దుగాల మెట్రో మెట్ల మీదికెళ్లి జనం వెనక్కి దిగుతున్రు! సగం మెట్లెక్కినోడు ఆగి, కిందికి జూసి, అరె నీలమాటో సుత ఉన్నదే అని దిగుతున్నడు. లిఫ్టుల పోయేటోడు నడిమిట్ల ఆపమని కొట్టుకుంటున్నడు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

ఆ తర్వాత అయింది ఏమిటంటే, గొడుగు వేసుకుని ఒక అమ్మాయి పట్టా కిందికి వచ్చింది. యశస్విని. ఏలూరు వైపు అమ్మాయి, పంజాగుట్టలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తుంది, ఇక్కడే హాస్టల్లో ఉంటుంది. ఎల్లేశం దగ్గర జాకెట్టు కుట్టడానికి ఇచ్చింది.

"ఎల్లేశం గారూ, షాపుకు వెళ్తే మీరిక్కడున్నారని మీ ఆవిడ చెప్పారు. జాకెట్టు అయిందాండీ? నేను రేపు సాయంత్రం బస్సుకు వెళ్లిపోవాలి, ఎల్లుండి ఫ్రెండ్ పెళ్లి."

"అయినట్టే బిడ్డా, హుక్కులే ఉన్నయి గంతే. జర అన్న జెప్పేది ఇని వస్త. సాయిలూ, మేడంకు చాయ్ ఇయ్యి."

ఆమె వాననూ ఎల్లేశాన్నీ ఒకే చూపుతో చూసి, చాయ్ తీసుకుని నిలబడింది. కొత్త చెవులు రెండు దొరికినందుకు భానుచందర్ గొంతు పెరిగింది.

"రా మేడం, మంచి టైముకొచ్చినవ్. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలే. రెండాటోలకు రెండొంతులొస్తే, ఒక్క ఆటోనే నాలుగు చేస్తే? కమలాకర్‌ను పిలిచి ఎడమ దిక్కు ఎరుపెయ్యి, కుడి దిక్కు ఆకుపచ్చెయ్యి, ముంగట నారింజ, ఎనక గులాబీ అన్న. ఎడమ నుంచి జూసినోడికి ఎర్రాటో, కుడి నుంచి జూసినోడికి పచ్చాటో. ఆటో ఒక్కటే, చాయిసులు నాలుగు. మెట్రో మార్కులు మారలే, పాపం దానికి పదే. కింద మొత్తం పెరుగుతనే ఉన్నది. పెయింట్ దుకాణానికి పోయి రంగుల కార్డు తెచ్చిన, పద్దెనిమిది వందల రంగులు. సీటుకొకటి, చక్రానికొకటి, మూడు చక్రాలకు మూడు, చక్రంల పుల్ల పుల్లకు ఒకటి, అద్దానికి బయట ఒకటి లోపల ఒకటి. ఆఖరికి కమలాకర్ మీసానికి సుత ఎడమకొకటి కుడికొకటి ఏసిన. భాగించు! మెట్రోకు ఎంత మిగిలింది? గంగాళం నీళ్లల్ల ఉప్పు రవ్వంత."

"మెట్రో జనమంతా ఒక్క ఆటోలో ఎలా పట్టారండీ?" అని అడిగింది యశస్విని.

"గదే నాకు సుత డౌటొచ్చింది మేడం, గని లెక్క పడతదన్నది, పట్టిన్రు. లెక్క ముంగట లోహం ఎంత? లోపల పదిమంది, ఆ పదిమంది ఒళ్లె పదిమంది, పైన నిలబడ్డోళ్లు, వాళ్ల భుజాల మీద కూసున్నోళ్లు. మెట్రో రైలు వచ్చింది, తలుపులు తెరుచుకున్నయి, ఎక్కెటోడు లేడు, దిగెటోడు లేడు. మళ్లీ వచ్చింది, మళ్లీ లేడు. మూడోసారి రైలాపి డ్రైవరే దిగిండు. ఎస్కలేటర్ మీద కిందికొచ్చి, టోపీ తీసి చంకల వెట్టుకొని, కమలాకర్‌ను అడిగిండు, అన్నా పంజాగుట్ట పోతదా అని!"

సాయిలు నవ్వు ఆపుకోలేక టీ వడబోసే జల్లెడ గ్లాసులో పడేశాడు. ఎల్లేశం నవ్వలేదు. "ఎక్కించుకున్నడా?" అన్నాడు సీరియస్‌గా.

"ఎక్కించుకోక? వాడు సుత మనిషే కదా, చాయిస్ ఉంటది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? పంజాగుట్టల పని లేనోళ్లు సుత ఎక్కుడు వెట్టిన్రు. ఇంట్ల కూసునుడు ఒక చాయిస్, ఆటో ఎక్కుడు పద్దెనిమిది వందల చాయిసులు, మరి ఇంట్లెవడు కూసుంటడు? అమీర్‌పేట ఖాళీ! కోచింగ్ సెంటర్లల్ల సార్లు బెంచీలకు పాఠం చెప్తున్రు. ప్రమోద్ భాయ్, నువ్వు సుత గారోజు బెంచీలకే చెప్పినవ్, నీకు యాదికి లేదు."

"నాకు రోజూ అలాగే ఉంటుందండీ, తేడా తెలియలేదేమో."

"హాస్టళ్లల్ల దోశ పిండి పులిసి పులిసి మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చింది, తినెటోడు లేక. ఇది నేను జూసిన."

యశస్విని చాయ్ ఊదుకుంటూ అంది. "నాకు ఒకటి అర్థం కాలేదండీ. నేను పొద్దున ఆఫీసుకు వెళ్లేటప్పుడు రంగు చూడను. తొమ్మిదిన్నరకు చేరుస్తుందా లేదా, అది చూస్తాను. చేర్చదంటే దాన్ని అక్కడే వదిలేస్తాను. ఇంక దానికి ఎన్ని మార్కులుంటే నాకేంటి?"

భానుచందర్ చెయ్యి ఊపాడు, ఈగను తోలినట్టు. "గది నాకెరుకే మేడం, గది జల్లెడ లెక్క. క్లాసుల చెప్పిండు. మనిషి అన్ని గుణాలు ఒక్కపారి కూడడట, ఒక్కో గుణాన్ని పట్టుకొని జల్లెడ పడతడట. ముందుగాల టైము అనుకో, టైముకు పోనియన్నీ కింద రాలిపోతయి. మిగిలినయాట్ల మల్ల కిరాయి జల్లెడ, ఎక్కువున్నయి రాలిపోతయి. గిట్ల జల్లించి జల్లించి ఆఖరికి ఒక్కటి మిగులుతది. ఏ జల్లెడ ముందు పట్టుకుంటడన్నది మాత్రం ఛాన్సు. ఏ గుణం మీద పానం ఎక్కువ కొట్టుకుంటదో గది ముందొచ్చే ఛాన్సు ఎక్కువ."

"నేను చేసేది అచ్చంగా అదేనండీ. జాకెట్టు కుట్టించాలంటే చెప్పిన రోజుకు ఇస్తారా అని చూస్తాను. ఇవ్వరంటే ఆ షాపు కుట్టు ఎంత బాగున్నా, బోర్డు ఏ రంగైనా, నా లెక్కలో లేదు."

ఎల్లేశం తల కొంచెం వంగింది. "మరి నా కాడికెట్ల వచ్చినవ్ బిడ్డా?"

"ఎదురు షాపులో పోయినసారి కుట్టించింది భుజం దగ్గర పట్టేసిందండీ, చెయ్యి ఎత్తలేకపోయాను. అందుకని ఈసారి కుట్టు ముందు చూశాను. వచ్చేసారి ఏది ముందు చూస్తానో నాకే తెలీదు."

ఎల్లేశం ఏదో అనబోయాడు. భానుచందర్ అననివ్వలేదు. చేతిలోకి వచ్చిన చేప జారుతున్నట్టు కంగారు పడ్డాడు.

"ఎల్లేశం, గా జల్లెడ లెక్క ఇనకు. పనికిరాని లెక్క. దాంట్ల రంగుకు పని లేదు, బోర్డుకు పని లేదు, ఫ్లెక్సీకి పని లేదు. ఉత్త టైముకు పని జేసుడు, మంచిగ కుట్టుడు, గిదే. గిసొంటి లెక్క చెప్పెటందుకు కన్సల్టెంటెందుకు? నేను చెప్పేది ఇను, ఇంకా అయిపోలే. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? బంజారా హిల్స్‌ల ఒక పెద్దమనిషి, ఇంట్ల ఆరు కార్లు. ఆరే కదా! ఆరు బై పద్దెనిమిది వందల ఆరు. పొద్దుగాల గేటు తీసిండు, ఆరు కార్లు వరుసగ నిలబడి జూస్తున్నయి, ఈయన వాటి మొకం సుత చూడలే, నడుచుకుంట అమీర్‌పేట వచ్చి ఆటో ఎక్కిండు. ఆయన ఎనక ఆరుగురు డ్రైవర్లు. ఇంతల పైన బేగంపేట దిక్కు విమానమొకటి పోతున్నది. పైలట్ కిందికి జూసిండు. ఆయనకు ఉన్న చాయిస్ ఎన్ని? ఒక్క విమానాశ్రయం. ఇక్కడ? లెక్క నువ్వే జెయ్యి. మెల్లగ దింపిండు, ఫ్లైఓవర్ మీద, ఎడమ దిక్కే, సిగ్నల్ సుత ఇచ్చిండు. లోపలున్నోళ్లంత బ్యాగులు తీసుకొని కమలాకర్ కాడ లైన్ల నిలబడ్డరు. ఎయిర్ హోస్టెస్ వచ్చి నీళ్లు కావాల్నా అని కమలాకర్‌ను అడిగింది."

"విమానం ఏమైందన్నా మరి?" సాయిలు అడిగాడు.

"మబ్బులల్లకు తీస్కపోయిన్రు తర్వాత. మబ్బులంటే యాదికొచ్చింది. వాన! నగరం మీదికొచ్చే వానకు ఎన్ని చాయిసులుంటయి? కూకట్‌పల్లి ఒకటి, ఉప్పల్ ఒకటి, మెహదీపట్నం ఒకటి, గిట్ల లెక్కబెడితే వంద. అమీర్‌పేటల ఆటో నిలబడ్డ కాడ పద్దెనిమిది వందలు. మొత్తం వాన ఈడనే పడ్డది! ఉప్పల్‌ల ఒక్క చుక్క లేదు. ఆడ జనం గొడుగులు పట్టుకొని ఆటోల కోసం ఈడికొస్తున్రు, వాన చూసెటందుకు. ఇయ్యాల పడేది సుత గా వాన మిగిలిందే. అందుకే ఇంతసేపు పడుతున్నది."

అందరం ఒకసారి పట్టా బయటికి చూశాం. వాన నిజంగానే ఆ మాట విని రెచ్చిపోయినట్టు పడుతోంది. భానుచందర్ దాన్నీ సాక్షి కింద రాసుకున్నట్టు తల ఆడించాడు. ఇక ఆగే మనిషి కాదు.

"ఇప్పుడు చెప్పేది బయట చెప్పొద్దు. కమలాకర్ నాయినమ్మ బుచ్చవ్వ. ముసల్ది, పంజాగుట్టల ఒక ఆసుపత్రిల పడ్డది. డాక్టర్లు చేతులెత్తిన్రు. కమలాకర్ మల్ల నా కాడికొచ్చి ఏడ్సుడు. వానికి ఏడ్సుడు అలవాటైపోయింది. నేను పోయి వార్డు జూసిన. పెద్ద హాలు, అన్నీ ఖాళీ మంచాలు, ఇద్దరే పేషెంట్లు. బుచ్చవ్వ, ఇంకో ముసలాయన. రాత్రి యముడొస్తడు, ఒకరిని తీస్కపోతడు. బుచ్చవ్వకు ఎంత ఛాన్సు? సగం. మస్తు ఎక్కువ. ఇక్కడ లెక్క ఉల్టా తిప్పాలె. ఆటోను ఎంచుకోవాల్నని చాయిసులు పెంచినం, ఇక్కడ బుచ్చవ్వను ఎంచుకోవద్దని చాయిసులు పెంచాలె. ఖాళీ మంచాలన్నిటి మీద దిండ్లు పండబెట్టి, తీరొక్క రంగు దుప్పటి కప్పిన. యముడొచ్చిండు. నేను తలుపు ఎనక నిలబడి సొంత కండ్లతోని జూసిన. ఇటు జూసిండు, అటు జూసిండు, అన్నీ రంగులే. గంటసేపు పరేషాన్ అయిండు. ఆఖరికి నారింజ దుప్పట్లది ఒకదాన్ని ఎత్తి భుజానేసుకున్నడు. దిండు! దిండును తీస్కపోయిండు ఎల్లేశం! బుచ్చవ్వ ఇంకా ఉన్నది, మొన్న సుత నన్ను తిట్టింది. పైన దిండుకు పాపమేంది పుణ్యమేంది అని ఇంకా తలలు కొట్టుకుంటున్రట."

"ఆ రెండో ముసలాయన?" అంది యశస్విని.

"ఆయనకు సుత ఛాన్సు తగ్గింది మేడం. అది నా తరఫున ఉచితం. ఇంకో సంగతి, యముడి దున్నపోతు ఫ్లైఓవర్ ఎక్కనన్నది, మరి దేంట్ల పోయిండనుకున్నవ్? కమలాకర్ ఆటోల! దిండును ఒళ్లె వెట్టుకొని."

సాయిలు పాలగిన్నె మీదికి వంగి నవ్వుతున్నాడు. ఎల్లేశం మాత్రం నెమ్మదిగా ఊపిరి వదిలాడు. నాకు భయమేసింది. నవ్వకుండా వింటున్నది ఆయనొక్కడే. యముణ్ణి నమ్మాడని కాదు. అవసరంలో ఉన్నవాడు కథలో తనకు పనికొచ్చే ముక్కను మాత్రం ఏరుకుంటాడు, మిగిలింది వదిలేస్తాడు. "ఒక్క డబ్బ రంగుతోని రెండొంతులు" అన్న ముక్క ఆయన గట్టిగా పట్టుకున్నాడు.

"అయితే రేపు పొద్దుగాలనే ప్లైవుడ్ కొట్టిద్దాం అన్నా," అన్నాడు. "మిషిన్ ముంగట కిటికీ నడిమి ముక్కకు పోతది, జర చీకటైతది. కానీయ్, లైటేసుకుంట."

"గంతే! లైటేస్కో. బోర్డులు మా బామ్మర్ది రాత్రికే కొట్టిస్తడు."

యశస్విని గ్లాసు బండి మీద పెట్టింది. "భానుచందర్ గారూ, మీ లెక్క నాకు నచ్చిందండీ. చిన్న ఎగ్జాంపుల్ మీద వేసి చూద్దామా, నేను సరిగ్గా నేర్చుకున్నానో లేదో?"

"ఎయ్యి మేడం, దేని మీదన్న ఎయ్యి! దిండు మీద పని జేసింది, నీ మీద చెయ్యదా?"

"మీరు చెప్పిన కథ. అది నిజమైనా అవ్వాలి, అబద్ధమైనా అవ్వాలి. వీళ్లందరూ ఏది ఎంచుకోవాలి? మార్కులు మీరే వేయండి."

భానుచందర్ ఠీవిగా గడ్డం నిమురుకున్నాడు. "నిజానికి పది. అబద్ధానికి... మేడం అడిగింది గాబట్టి దానికి సుత పదెయ్యి పో. నాకేం ఫికర్ లేదు."

"అంటే సగం ఛాన్సు నిజం."

"సగం చాలు మేడం! అమీర్‌పేటల సగం నిజం జెప్పెటోడు ఎవడున్నడు?"

"కానీ అబద్ధం ఒక్క రంగులో రాలేదు కదండీ." ఆమె గొంతు మామూలుగానే ఉంది, బిల్లు చూసి చదువుతున్నట్టు. "ఆటోలో ఊరంతా పట్టిందన్నది ఒక రంగు. మెట్రో డ్రైవర్ దిగాడన్నది ఇంకో రంగు. దోశ పిండి మెట్లు దిగింది. విమానం ఫ్లైఓవర్ మీద దిగింది. వానంతా ఇక్కడే పడింది. యముడు దిండు పట్టుకెళ్లాడు. ఒక్కోదానికి పదేసి మార్కులు. నిజం మాత్రం పాపం మెట్రోలాగా ఒక్కటే నిలబడింది. ఇప్పుడు భాగించండి."

సాయిలు వేళ్లు మడిచాడు. "ఆరు అబద్ధాలు, ఒక నిజం. ఏడింట్ల ఒకటి అన్నా."

"ఏ, అట్లెట్లయితది!" భానుచందర్ బెంచీ మీంచి లేచాడు, పట్టా తలకు తగిలి చన్నీళ్లు మెడ మీద కారాయి, అదీ పట్టించుకోలేదు. "ఇది మోసం మేడం! ఆటోదైతేంది, విమానానిదైతేంది, అబద్ధం అబద్ధమే కదా? రంగు మార్చినంత మాత్రాన ఒకటి ఆరెట్లయితది? జనం ఏమన్న పిచ్చోళ్లా? ఎన్ని రంగులేసినా ఒక్కదాన్ని ఒక్కటిగనే లెక్కగట్టాలె!"

ఆ మాటలో ఏముందో ముందు సాయిలుకు అర్థమైంది, తర్వాత నాకు. అందరికంటే చివర అర్థమైంది అన్నవాడికే.

ఎల్లేశం లేచాడు. కోపం లేదు, నవ్వూ లేదు.

"మరి నా ఒక్క దుకాణాన్ని మూడెట్ల లెక్కగట్టమన్నవే అన్నా?"

భానుచందర్ నా వైపు చూశాడు. నేను వాన వైపు చూశాను.

ఎల్లేశం ఫోన్ తీసి ప్లైవుడ్ అతనికి కొట్టాడు. "తమ్మీ, రేపు మాల్ దింపకు. ఆఁ, వద్దు. మిషిన్‌కు ఎలుగు రాదని మా ఆమె మొదలే చెప్పింది." ఫోన్ జేబులో పెట్టుకుంటూ యశస్విని వైపు తిరిగాడు. "నడువు బిడ్డా. నువ్వు ఆడ కూసో, నీ ముంగటనే హుక్కులేసి ఇస్త. ఇచ్చినంకనే వేరే పని."

ఇద్దరూ ఒక్క గొడుగు కింద సందు చివరికి నడిచారు. ఎల్లేశం భుజం సగం తడుస్తోంది, ఆ అమ్మాయి గొడుగు అటు వంచింది.

భానుచందర్ మెల్లగా కూర్చున్నాడు. మెడ తుడుచుకున్నాడు. కాసేపటికి నా వైపు జరిగాడు. "ప్రమోద్ భాయ్, నీకొక్కనికే చెప్తున్న. గా జల్లెడ లెక్క ఉన్నది చూడు, అసలు దాన్ని కనిపెట్టిందే..."

"అన్నా," అన్నాడు సాయిలు పాలగిన్నె మీద మూత పెడుతూ, "వాన తగ్గింది. ఇగ ఇంటికి వో."

పట్టా మీద నీళ్లు కుండలతో గుమ్మరించినట్టు పడుతున్నాయి. భానుచందర్ బయటికి చూశాడు, సాయిలు మొహం చూశాడు. ఆ మొహంలో చిన్న నవ్వు కూడా లేదు. జేబురుమాలు తల మీద పరుచుకుని ఆ వానలోకి దిగి వెళ్లిపోయాడు.